పద్దుకెక్కని నష్టం: వాతావరణ మార్పుకి ప్రజాస్వామ్యం జవాబు చెప్పగలదా?

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి, కోసి పనలమీదున్న వరి నీళ్ళలో నానింది. నల్లరేగడి చేలల్లో మిరప మొక్క నీరు పట్టి వడలిపోయింది. చివరి తీతలకున్న పత్తి చెట్టుమీదే తడిసి రంగు మారింది. తర్వాత వారం పది రోజులు ఊళ్ళకి అధికారులు వచ్చారు, పాలకపక్షం వాళ్ళు వచ్చారు, ప్రతిపక్షం వాళ్ళు వచ్చారు. సర్వే నెంబర్ల వారీగా పంట నష్టం రాసుకున్నారు. ఎవరి పొలం ఎంత పోయిందో రాసుకున్న ఆ పద్దుల్లో ఒక నష్టం మాత్రం లేదు. ఆ మిరప చేలల్లో జనవరి నుంచి ఎండాకాలం దాకా కోతకి పోవలసిన ఆడవాళ్ళు ఎన్ని రోజుల కూలి పోగొట్టుకున్నారు? అది రాయడానికి పంట నష్టం ఫారంలో గడే లేదు. ఈ వ్యాసం ఆ లేని గడి గురించి.

ప్రపంచంలో ఇప్పుడొక చర్చ నడుస్తోంది. వాతావరణ మార్పు లాంటి దీర్ఘకాల సమస్యని ప్రజాస్వామ్య ప్రభుత్వాలు ఎదుర్కోగలవా అని. ఐదేళ్ళకొకసారి ఓట్లు అడగవలసినవాడు యాభై ఏళ్ళ తర్వాతి సంగతి ఎందుకు పట్టించుకుంటాడు? ఇవాళ కరెంటు చవగ్గా ఇస్తానన్నవాడికి ఓటు పడుతుంది గాని, మనవళ్ళ కాలంలో ఎండ తగ్గిస్తానన్నవాడికి పడదు గదా? బ్రిటిష్ శాస్త్రవేత్త జేమ్స్ లవ్‌లాక్ 2010లో, ప్రజాస్వామ్యాన్ని కొంతకాలం పక్కన పెట్టవలసి రావచ్చు అని కూడా అన్నాడు. మన దగ్గర చదువుకున్న మధ్యతరగతిలోనూ ఈ మాట వింటూనే ఉంటాం. ‘ఈ ఓట్ల గోల లేకుండా గట్టివాడొకడు ఉంటే అన్నీ సర్దుకుంటాయి’ అంటారు.

మేము ఈ చర్చని గుంటూరు, ప్రకాశం మైదానాల నుంచి చూడదలుచుకున్నాం. 2022లో జిల్లాలు విడగొట్టాక ఈ నేల గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం పేర్లతో ముక్కలైంది. కానీ పత్తి, మిరప, కౌలు, కూలి అన్ని చోట్లా ఒకటే కాబట్టి పాత పేర్లతోనే మాట్లాడుకుందాం. మా వాదన క్లుప్తంగా ఇది: ప్రజాస్వామ్య ప్రభుత్వం జవాబు చెప్పగలదు, చెప్పింది కూడా. అయితే తనకు కనబడిన నష్టానికి, కాగితం మీద పేరున్న మనిషికి మాత్రమే చెప్పింది. దోషం ప్రజాస్వామ్యం ఎక్కువ కావడంలో లేదు. అది మాలపల్లె, మాదిగపల్లె పొలిమేర దగ్గరే ఆగిపోవడంలో ఉంది.

కరువు నుంచి తుఫాను దాకా

ముందు ప్రజాస్వామ్యానికి ఇవ్వవలసిన మార్కులు ఇద్దాం. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు జిల్లాలో భయంకరమైన కరువు వచ్చింది. డొక్కల కరువు అని జనం చెప్పుకున్నది దీన్నే. జిల్లా జనంలో మూడో వంతు దాకా చనిపోయారని అంచనా. అప్పుడు రాజ్యం ఈస్టిండియా కంపెనీది. చచ్చినవాళ్ళ తరపున అడిగేవాడు లేడు, ఓడించే ఓటు లేదు. ఆ తర్వాత రెండు దశాబ్దాలకి గాని, 1855 నాటికి గాని, బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తి కాలేదు.

అమర్త్య సేన్ చెప్పిన సిద్ధాంతం చాలామందికి తెలుసు. ఎన్నికలు, ప్రతిపక్షం, పత్రికాస్వేచ్ఛ పనిచేస్తున్న దేశంలో పెద్ద కరువు చావులు రావు అని. 1943లో బ్రిటిష్ పాలనలో బెంగాల్‌లో సుమారు 30 లక్షల మంది చనిపోయారు. 1958-61 మధ్య చైనాలో అంతకంటే ఎన్నో రెట్లు చనిపోయారు. అక్కడ ‘గట్టివాడు’ ఉన్నాడు. ఆ గట్టివాడికి కింద ఏం జరుగుతోందో చెప్పే ధైర్యం ఎవడికీ లేకపోయింది.

మన బంగాళాఖాతాన్నే తీసుకుందాం. 1970 నవంబరులో సైనిక పాలనలోని తూర్పు పాకిస్తాన్‌ని తుఫాను కొట్టింది. మూడు లక్షల మందికి పైగా పోయారు. 1977 నవంబరు 19న మన దివిసీమని ఉప్పెన ముంచింది. ఎమర్జెన్సీ పోయి ఎన్నికైన ప్రభుత్వాలున్న కాలమే, అయినా సుమారు పది వేల మంది పోయారు. కాబట్టి ఎన్నికలు ఉన్నంత మాత్రాన ప్రాణాలు నిలవవు. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడాలి. పత్రికలు రాశాయి, శాసనసభలో అడిగారు, స్వచ్ఛంద సంస్థలు వచ్చాయి. తీరంలో తుఫాను షెల్టర్లు లేచాయి, హెచ్చరికలు మెరుగయ్యాయి, ముందే జనాన్ని తరలించడం పరిపాలనలో భాగమైంది. 2023లో మిచాంగ్, 2025 అక్టోబరులో మొంథా తీరం దాటినప్పుడు ప్రాణనష్టం 1977తో పోల్చదగ్గది కాదు. ఇది చిన్న విజయం కాదు. ‘ప్రజాస్వామ్యం పనికిరాదు’ అనేవాళ్ళు ముందు దీనికి సమాధానం చెప్పాలి.

అయితే సేన్ చెప్పిన రెండో మాట మన దగ్గర తక్కువగా చదువుతారు. బెంగాల్ కరువులో దేశంలో తిండిగింజలు లేక జనం చావలేదు, కొనే శక్తి పోయి చచ్చారు అని ఆయన 1981లో వచ్చిన పుస్తకంలో చూపించాడు. ముందుగా చచ్చింది ఎవరు? కూలీలు, పల్లెకారులు, చిన్న చేతిపనుల వాళ్ళు. అంటే విపత్తు పంటని కొట్టినప్పుడు చేను గలవాడికి పంట పోతుంది, చేను లేనివాడికి పని పోతుంది. పనిపోవడమే ప్రాణం పోవడం దాకా తీసుకెళ్తుంది. పంటని లెక్కపెట్టి పనిని వదిలేసే ప్రభుత్వం ఈ పాఠంలో సగమే నేర్చుకున్నట్టు.

కనబడే విపత్తు, కనబడని విపత్తు

తుఫాను ఒక రోజు వస్తుంది. దానికి పేరుంటుంది, ఫోటో ఉంటుంది, హెలికాప్టర్ సర్వే ఉంటుంది. వాతావరణ మార్పు అంటే అదొక్కటే కాదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. అందుకే నెల రోజులు పడాల్సిన వాన రెండు రోజుల్లో కుమ్మరించి తర్వాత వారాల తరబడి మొహం చాటేయడం ఎక్కువవుతోంది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కల్లో 2024 ఇంతవరకు నమోదైన ఏళ్ళలో అత్యంత వేడి ఏడాది, పారిశ్రామిక యుగానికి ముందుకంటే సుమారు ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ. ఈ ఒకటిన్నర డిగ్రీ ఢిల్లీలో అంకె. రెంటచింతల ఎండలో మిరప కోసే మనిషికి అది ఒళ్ళు.

ఎండనే చూద్దాం. 2015 మే నెలలో వడగాడ్పుకి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. 2003లోనూ ఇట్లాగే పోయారు. అన్ని ప్రాణాలు ఒక తుఫానుకి పోయుంటే దేశమంతా కదిలేది. అప్పటికి కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో వడగాడ్పు లేనే లేదు. ఎండదెబ్బకి పోయినవాడు ఒక్కొక్కడు ఒక్కొక్క ఊళ్ళో, ఒక్కొక్క చేలో, ఒక్కొక్క ఇటికెల బట్టీ దగ్గర పోతాడు. గుండె ఆగిందని, ముసలితనమని రాస్తారు. గుంపుగా చావకపోతే మన రాజ్యానికి చావు కనబడదు.

పురుగు సంగతి చూద్దాం. ఈ మైదానానికి పురుగు కొత్త కాదు. 1984-85లో తెల్లదోమ, 1987-88లో కాయతొలిచే పచ్చపురుగు పత్తిని తుడిచిపెట్టాయి. తెలుగునాట పత్తి రైతుల ఆత్మహత్యలు మొదట పెద్దయెత్తున వినబడింది అప్పుడు ఈ రెండు జిల్లాల నుంచే. 2002లో బీటీ పత్తి వచ్చింది. పదిహేనేళ్ళు తిరక్కుండానే గులాబీ రంగు పురుగు దానికి అలవాటు పడింది. 2021-22లో ఆగ్నేయాసియా నుంచి వచ్చిన నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం మిరపని పూతలోనే పీల్చేసింది. ఇదంతా వాతావరణ మార్పు చేసిందే అని మేము అనడం లేదు. ఒకే పంట, ఒకే విత్తనం, మోతాదు మించిన మందులు ఇందులో పెద్ద నేరస్తులు. అదనుకాని వాన, ఆరని వేడి ఆ జబ్బు మీద ఇంకో జబ్బులా పడుతున్నాయి.

ఇట్లాంటి నష్టం మెల్లగా వస్తుంది. ఏటా కొంచెం వస్తుంది. దీనికి ఎన్నికల సభలో చప్పట్లు ఉండవు. లవ్‌లాక్ లాంటివాళ్ళు ప్రజాస్వామ్యం మీద చేసే ఫిర్యాదులో నిజం ఉన్నది ఇక్కడే. కానీ ఈ ఫిర్యాదు అందరికీ ఒకేలా వర్తించదు. 2025 మొదట్లో గుంటూరు యార్డులో మిర్చి ధర పడిపోయింది. రైతులు రోడ్డెక్కారు. వారాల్లోనే రాష్ట్రం ఢిల్లీకి రాసింది, ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాల్‌కి 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్యానికి ఒప్పుకుంది. ఆ సాయం చాలలేదని రైతులు అన్నారు, అది వేరే చర్చ. మేము చెప్పేది, సంఘం ఉన్నవాడికి, పత్రికలో మనిషి ఉన్నవాడికి, శాసనసభలో బంధువున్నవాడికి ఈ ప్రజాస్వామ్యం వారాల్లో పలుకుతుంది. అదే కాయ కోసిన చేతులకి, కల్లంలో తాలుకాయ ఏరిన చేతులకి ఏళ్ళు గడిచినా పలకదు. కాబట్టి ఆలస్యం ప్రజాస్వామ్యం స్వభావం అనుకోవడం పొరపాటు. ఎవరి కోసమో ముందు అడగాలి.

పద్దు ఎవరి పేరున ఉంది?

విపత్తు వచ్చాక ప్రభుత్వం డబ్బు మనిషికి చేరే దారులు ఏవి? ఇన్‌పుట్ సబ్సిడీ, పంటల బీమా, పంట రుణాల రీషెడ్యూలు, పెట్టుబడి సాయం. ఈ నాలుగింటికీ తలుపు ఒకటే, భూమి కాగితం. 2019లో మొదలైన పీఎం కిసాన్ సూటిగా భూమి ఉన్న కుటుంబాలకే అంది. కౌలుదారుకి అందులో చోటు లేదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశం మొత్తం మీద సాగు భూమిలో దళితుల చేతిలో ఉన్నది సుమారు 9 శాతం. పాత ప్రకాశం జనాభాలో దళితులు ఐదో వంతు కంటే ఎక్కువ, గుంటూరులో ఐదో వంతుకి దగ్గర. భూమి కాగితాన్ని తలుపు చేసుకున్న ఏ పథకమైనా ఈ జనంలో అత్యధికుల్ని గడప బయటే నిలబెడుతుంది. పథకంలో కులం పేరు రాయనక్కర్లేదు.

కౌలు సంగతి ఇంకా అన్యాయం. ఈ మైదానంలో భూమి గలవాళ్ళు చాలామంది గుంటూరు, విజయవాడ, హైదరాబాద్, అమెరికా చేరారు. చేను చేసేది కౌలుదారు. వీళ్ళలో దళితులున్నారు, బీసీలున్నారు, అగ్రకులాల్లో చితికిపోయిన వాళ్ళూ ఉన్నారు. కౌలు చాలాచోట్ల ముందే కట్టాలి. తుఫాను వస్తే పంట పోయేది కౌలుదారుకి, కాగితం ఉండేది యజమాని దగ్గర. జయతీ ఘోష్ కమిషన్ 2005లోనే కౌలుదారుల్ని నమోదు చేయండి అని చెప్పింది. 2011లో ఉమ్మడి రాష్ట్రం ఒక చట్టం చేసి కౌలుదారులకి రుణ అర్హత కార్డులు ఇచ్చింది. యజమాని సంతకం తప్పనిసరి కాదన్నది దాని బలం. 2019లో దాని స్థానంలో ఇంకో చట్టం వచ్చింది. సాగు హక్కు పత్రం 11 నెలలకి ఇస్తారు, దానికి యజమాని సంతకం కావాలి. పల్లె మనిషి మోతుబరి ఇంటికి పోయి, ‘అయ్యా, నేను మీ పొలం చేస్తున్నట్టు సంతకం పెట్టండి’ అని అడగాలి. సంతకం పెడితే భూమి పోతుందని ఆయన భయం. గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలు పోతుందని ఈయన భయం. చట్టం ఈ రెండు భయాల మధ్యన కూచుంది.

కూలీల దగ్గరికి వద్దాం. వీళ్ళకి సంతకం అడిగే దారి కూడా లేదు. మిరప కోత, పత్తి తీత అత్యధికంగా ఆడవాళ్ళ పని. పత్తికి కిలో లెక్కన ఇస్తారు, మిరపకి రోజు కూలో కిలో లెక్కో ఉంటుంది. ఒక్క ఎకరం మిరపలో విడతలు విడతలుగా కోత ఉంటుంది, తర్వాత కల్లంలో ఆరబెట్టడం, తాలు ఏరడం, టిక్కీలకి ఎత్తడం. ఆ ఎకరం నీటమునిగితే ‘రైతుకి ఇంత నష్టం’ అని పేపర్లో వస్తుంది. పోయిన కూలి రోజులు ఎక్కడా రావు. ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలు ఇక్కడికి కోతకి వలస వస్తాయి. అక్కడ వాన లేక వచ్చినవాళ్ళు ఇక్కడ వాన ఎక్కువై పని పోగొట్టుకుంటారు. వాళ్ళ ఓటు అక్కడ, వాళ్ళ రేషన్ అక్కడ, వాళ్ళ గుడారం ఇక్కడ. ఏ ఎమ్మెల్యేకి వీళ్ళు ఓటర్లు?

పనిపోయినప్పుడు ఆదుకోవలసింది ఉపాధి హామీ. 2006 ఫిబ్రవరి 2న మన రాష్ట్రంలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అది మొదలైంది. పల్లె మనిషికి కాగితం మీద పేరు దక్కిన కొద్ది చోట్లలో జాబ్ కార్డు ఒకటి. దానివల్ల కూలి రేటు అడిగే ధైర్యం వచ్చింది. అందుకే ‘ఉపాధి పనుల వల్ల పొలాలకి కూలీలు దొరకడం లేదు’ అని మోతుబరులు మొదటినుంచీ గొడవ చేశారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం ఆమోదించింది. పని దినాలు 125కి పెంచుతూనే, విత్తే కాలం, కోత కాలంలో మొత్తం 60 రోజుల దాకా పనులు ఆపే వీలు పెట్టింది. వాతావరణం చెడిన ఏడాది కోత కాలంలోనే కదా కోత ఉండనిది! ఆ రెండు నెలలు పల్లె దేనితో బతకాలి? ఈ షరతులో ఎవరి గొంతు వినబడిందో చెప్పనక్కర్లేదు.

నీళ్ళకి ఓటెవరిది?

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. ఆ మారణకాండ ఎక్కడ మొదలైందో గుర్తు చేసుకుందాం. మాదిగలు తాగే నీళ్ళ చెరువు దగ్గర. తాగే నీళ్ళని పాడుచేయొద్దని ఒక మాదిగ స్త్రీ నిలబడి అడగడం దగ్గర. సాగర్ కాలవ నీళ్ళు, పత్తి, పొగాకు తెచ్చిన డబ్బుతో బలిసిన ఊరు, ఆ నీళ్ళ చివర్లో ఉన్న పల్లెకి తాగేందుకు ఒక చెరువు మిగిల్చి దాన్నీ పశువుల కుడితికి వదిలింది. దళిత మహాసభ పుట్టింది, 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపాక, ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకునే దాకా పోరాటం సాగింది. ఆ చరిత్ర ఈ పత్రిక పాఠకులకి చెప్పనవసరం లేదు. వాతావరణం గురించి మాట్లాడేటప్పుడు మాత్రం దాన్ని మర్చిపోతున్నాం. రాబోయే కాలంలో అన్నిటికంటే పెద్ద తగాదా నీటిది. నీటి తగాదా ఎట్లా ఉంటుందో ఈ నేలకి ముందే తెలుసు.

1997లో ఆంధ్రప్రదేశ్ సాగునీటి నిర్వహణని రైతుల చేతికిస్తూ చట్టం చేసింది. నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి, ఎన్నికలు జరిగాయి. దేశమంతా మెచ్చుకుంది. కానీ అక్కడ ఓటు ఆయకట్టు భూమితో ముడిపడింది. కాలవ పూడిక తీసే మనిషికి, ఆ కాలవ పక్కన గుడిసె వేసుకున్న మనిషికి, ఆ నీళ్ళు తాగే మనిషికి ఓటు లేదు. తెల్లవాళ్ళ కాలంలో ఆస్తి ఉన్నవాడికే ఓటుండేది. 1950లో రాజ్యాంగం దాన్ని కొట్టేసింది. నీటి దగ్గర మళ్ళీ ఆస్తి ఓటు వచ్చింది, అదీ ‘ప్రజల భాగస్వామ్యం’ పేరు మీద. సాగర్ కుడికాలవ చివరి భూములకి నీరు అందని ఏడాది పత్తి, మిరపకి ఎన్ని తడులో సంఘం తేలుస్తుంది. పల్లె చెరువు నింపాలా వద్దా అన్నది అధికారుల దయ.

గట్టివాడి వాదన

ఇప్పుడు మొదటి ప్రశ్నకి తిరిగి వద్దాం. ప్రజాస్వామ్యం ఇంత అసంపూర్తిగా ఉంటే, దాన్ని పక్కన పెట్టి నిపుణులకీ గట్టివాళ్ళకీ అప్పజెబితే పోలా?

దళితులకి ఈ ప్రశ్న వింతగా ఉంటుంది. ‘గట్టివాడి’ పాలన మాకు పుస్తకాల్లో చదివిన విషయం కాదు. ఊరంటేనే అది. ఎవరికి కౌలివ్వాలి, ఎవరికి పనివ్వాలి, ఎవరు ఏ వీధిలో నడవాలి అని ఒక్క చావడిలో తేల్చే ఏర్పాటు అది. అంబేద్కర్ రాజ్యాంగ సభలో, గ్రామాన్ని కాక వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషిస్తున్నానన్నది ఇందుకే. 1949 నవంబరు 25 ప్రసంగంలో ఆయన హెచ్చరిక కూడా ఇదే. రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకి ఒక విలువ ఇచ్చి, సామాజిక ఆర్థిక జీవితంలో ఆ విలువ నిరాకరిస్తే, ఆ వైరుధ్యం చివరికి రాజకీయ ప్రజాస్వామ్యాన్నే పేల్చేస్తుందని. వాతావరణ మార్పు ఆ వైరుధ్యాన్ని ఏటేటా తుఫాను తుఫానుకీ వెడల్పు చేస్తోంది. దీనికి మందు మిగిలిన ఆ ఒక్క ఓటునీ తీసేయడం కాదు, రెండో వైపుని సరిచేయడం. 1947లో ‘రాష్ట్రాలు, మైనారిటీలు’లో ఆయన వ్యవసాయాన్ని ప్రభుత్వ పరిశ్రమ చేసి, భూమిని కులమత భేదం లేకుండా గ్రామస్తులకి సమష్టి సాగుకి ఇవ్వాలన్నాడు. వాన తప్పినా, పురుగు పడినా నష్టం ఒక్కడి నెత్తిన పడకుండా చేసే ఆలోచన అది. దాన్ని పర్యావరణ గ్రంథంగా ఎవరూ చదవలేదు. చదవాలి.

పైనుంచి వచ్చే పరిష్కారాల్ని కూడా ఈ కంటితోనే చూడాలి. 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామని భారత ప్రభుత్వం 2021లో గ్లాస్గోలో చెప్పింది. మంచిదే. దానికి సోలార్ కావాలి, గాలిమరలు కావాలి, బయోగ్యాస్ కావాలి, వీటన్నిటికీ భూమి కావాలి. 2025 ఏప్రిల్ 2న ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో బయోగ్యాస్ ప్లాంటుకి శంకుస్థాపన జరిగింది. రాష్ట్రమంతా బంజర్లలో ఇట్లాంటివి వందల్లో పెడతామన్నారు. మేము వీటిని వద్దనడం లేదు. ఒక్క మాట అడుగుతున్నాం, బంజరు అంటే ఎవరిది? రెవెన్యూ రికార్డులో ఖాళీగా ఉన్న గడిలో పల్లె మేకలు మేస్తుంటాయి, పల్లె పొయ్యికి కంప వస్తుంది, ఎన్నో ఏళ్ళుగా పట్టా కోసం పెట్టుకున్న అర్జీలు ఉంటాయి. 1977 చట్టం అసైన్డ్ భూముల్ని అమ్మకుండా కాపాడింది. 2006లో కోనేరు రంగారావు కమిటీ, చేతులు మారిన భూములు పేదలకి తిరిగి ఇప్పించమంది. 2023 సవరణ, 20 ఏళ్ళు దాటినవాటిని అమ్ముకునే వీలిచ్చింది. అప్పుల్లో ఉన్నవాడికి అమ్ముకునే స్వేచ్ఛ అంటే ఏమిటో మిరప పండించే ఊళ్ళో అందరికీ తెలుసు. పొగ ఎక్కువ వదిలినవాడి పాపానికి పరిహారంగా పొగ వదలనివాడి భూమి పోకూడదు.

ఏం అడగాలి?

2024 మార్చి 21న రంజిత్‌సిన్హ్ కేసులో సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పౌరుల హక్కు అని చెప్పింది. 14వ అధికరణం సమానత్వం నుంచి, 21వ అధికరణం జీవించే హక్కు నుంచి దాన్ని తీసింది. తట్టుకునే స్తోమత లేని జనం మీద ఈ భారం ఎక్కువగా పడటం సమానత్వ సమస్య అని కూడా గుర్తించింది. ఇది చేతికొచ్చిన ఆయుధం. దీన్ని గ్రామసభ దాకా తీసుకుపోవాలి. మేము ప్రతిపాదించేవి ఇవి.

ఒకటి, పంట నష్టం రాసే ఫారంలో పోయిన పని దినాలకి గడి ఉండాలి. సహాయ నిధి నుంచి కూలీ కుటుంబానికి పరిహారం ఇవ్వాలి. రెండు, సాగుదారు ఎవరో యజమాని సంతకం కాదు, గ్రామసభ తేల్చాలి. మూడు, పంట పోయిన మండలంలో ఉపాధి పనుల విరామం వర్తించకూడదు. నాలుగు, ఎండాకాలం పని వేళలు, చేలో నీడ, నీరు హక్కుగా ఉండాలి. ఎండదెబ్బ చావుల్ని ఊరి స్థాయిలోనే నమోదు చేయాలి. ఐదు, నీటి సంఘాల్లో భూమి లేనివాళ్ళకి, అందులో దళిత స్త్రీలకి ఓటు, పదవి ఉండాలి. ఆరు, బంజరు, అసైన్డ్ భూముల్ని ఏ పథకానికిచ్చినా పల్లె సమ్మతి లేకుండా ఇవ్వకూడదు.

ఇవేవీ నియంత చేసే పనులు కావు. ప్రతి ఒక్కటీ ఇంకొంచెం ప్రజాస్వామ్యం అడుగుతోంది. ప్రభుత్వం తనంతట తాను ఇస్తుందనీ మేము అనుకోవడం లేదు. కారంచేడు తర్వాత చట్టం ఎట్లా వచ్చిందో మనకి తెలుసు.

ఈలోగా ఒక పని మన చేతుల్లోనే ఉంది. కార్యకర్తలు, పల్లెల నుంచి చదువుకోడానికి వచ్చిన విద్యార్థులు, ఊరి బడిలో పనిచేసే ఉపాధ్యాయులు దీనికి సరిపోతారు. వచ్చే తుఫాను తర్వాత అధికారులు సర్వే నెంబర్లు రాసుకునే రోజుల్లోనే, మనం ఒక నోటుపుస్తకం తీసుకుని పల్లెలో ఇల్లిల్లూ తిరగాలి. ఇంట్లో ఎంతమంది కోతకి పోతారు, గత ఏడు ఎన్ని రోజులు దొరికింది, ఈ ఏడు ఎన్ని రోజులు పోయింది, ఎంత అప్పు చేశారు, ఎవరు బడి మానేశారు. వలస వచ్చినవాళ్ళ గుడారాల దగ్గరికీ పోవాలి. ఆ లెక్క గ్రామసభలో గట్టిగా చదివి, మినిట్స్‌లో రాయించి, నకలు కలెక్టరుకి పంపాలి. తీసుకోకపోతే పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. పద్దులో లేని నష్టానికి ముందు పద్దు కట్టాలి.